వేళ్లతో మెడను తెలుసుకోవడం ఎలా

పుస్తకంలో మెడ బొమ్మ తెరిచి పేర్లు బట్టీ పట్టబోతే ఎవరికైనా విసుగొస్తుంది. పొర మీద పొర, ఎర్ర గీతలు, నీలి గీతలు, నోరు తిరగని లాటిన్ మాటలు. అవే భాగాలను సొంత మెడ మీద తడుముకుంటూ పోతే చాలా మటుకు ఒక్క పూటలో పట్టుబడతాయి. గాలి వెళ్లే దారి, తిండి దిగే దారి, మెదడుకు రక్తం, చేతులకు నరాలు, ఇవన్నీ జానెడు కూడా లేని ఈ చోటులోంచే పోవాలి. అందుకే ఇక్కడ ముఖ్యమైనవి చాలావరకు చర్మానికి దగ్గరలోనే ఉంటాయి, వేలికి అందుతాయి.

కిటుకు ఒక్కటే. ప్రతి భాగాన్నీ దాని పక్కనున్న భాగం నుంచి వెతకాలి. థైరాయిడ్ గ్రంథి ఎక్కడుందా అని నేరుగా వెతికితే దొరకదు. ముందు గొంతులో గట్టిగా తగిలే క్రికాయిడ్ అనే ఉంగరం పట్టుకుని, అక్కడి నుంచి ఒక వేలు కిందికి జరిగితే దాని మీదే ఉంటారు.

మొదలుపెట్టే ముందు

అద్దం, గ్లాసుడు నీళ్లు, కడిగితే పోయే పెన్ను ఉంటే చాలు. గోళ్లు కత్తిరించుకోండి. వెన్ను ఆనించి కూర్చుని భుజాలు వదులుగా వదిలేయండి. వేలి కొసతో పొడవకండి, వేలి మెత్తతో తడమండి. గోరు కింద తెల్లబడిందంటే మీరు అవసరానికి మించి నొక్కుతున్నట్టే. కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే. గట్టిగా నొక్కితే లోపలి కండరం బిగుసుకుంటుంది, వెతికే వస్తువు పక్కకు జారిపోతుంది.

తప్పకుండా పాటించవలసిన నియమం ఒకటి ఉంది. మెడ పక్కల్లో నాడి తగిలే చోట రెండు వైపులా ఒకేసారి నొక్కకూడదు. కారణం మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని దగ్గరికి వచ్చినప్పుడు చెబుతాను. మెడకు దెబ్బ తగిలినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, కెరోటిడ్‌లో పూడిక ఉందని డాక్టరు చెప్పినవాళ్లు పక్కభాగాలను అసలు తడుముకోవద్దు.

నడిమధ్య గీత: గడ్డం నుంచి రొమ్ము గుంట దాకా

గడ్డం కింద ఎముక అంచు దాటగానే మెత్తగా తగిలేది నోటి అడుగుభాగం. నాలుకను అంగిలికి గట్టిగా ఒత్తి చూడండి, వేలి కింద అది బిగుసుకుంటుంది. అలాగే వెనక్కి జరిపితే గడ్డం కింది భాగం మెడగా మలుపు తిరిగే చోట గట్టిగా ఒకటి అడ్డం వస్తుంది. బొటనవేలు ఒక వైపు, చూపుడువేలు ఇంకో వైపు పెట్టి మెల్లగా అటూ ఇటూ జరపండి. కదిలిందా? అదే హయాయిడ్ ఎముక. గుర్రపు లాడం ఆకారం. శరీరంలో ఇంకే ఎముకతోనూ కీలు లేకుండా కండరాల మీద, లిగమెంట్ల (ఎముకలను కట్టి ఉంచే పట్టీల) మీద వేలాడే ఎముక ఇది. దీనికి సూటిగా వెనక మూడో మెడపూస ఉంటుంది.

వేళ్లు తీయకుండా గుటక వేయండి. హయాయిడ్ పైకి, ముందుకు లేచి మళ్లీ దిగుతుంది. దాంతోపాటు స్వరపేటిక కూడా లేచి నాలుక మొదలు కింద దాక్కుంటుంది, ఉపజిహ్విక (గాలిదారికి మూతలాంటి రేకు) దాని మీదికి వాలుతుంది. తింటూ మాట్లాడితే పొలమారేది ఈ లేవడం, మూసుకోవడం వేళ తప్పినప్పుడే.

హయాయిడ్ కిందికి వేలు జారిస్తే చిన్న మెత్తటి ఖాళీ, ఆ తర్వాత నొక్కు ఉన్న గట్టి అంచు తగులుతుంది. అది థైరాయిడ్ మృదులాస్థి (ఎముకలాంటిదే, కాకపోతే దాని కంటే మెత్తటిది). మగవాళ్లలో గొంతు ముందు ముడిలా పొడుచుకొచ్చేది ఇదే. రెండు పలకలు ముందువైపు కలుస్తాయి. ఆ కోణం మగవాళ్లలో సుమారు 90 డిగ్రీలు, ఆడవాళ్లలో సుమారు 120. కోణం విచ్చుకున్నకొద్దీ ముడి కనబడదు, లోపల స్వరతంత్రులు పొట్టిగా ఉంటాయి, గొంతు సన్నగా ఉంటుంది. పై నొక్కుకీ కింది అంచుకీ మధ్యన వేలు పెట్టి "మ్మ్మ్" అనండి. ఆ అదురు వస్తున్న ఎత్తులోనే స్వరతంత్రులున్నాయి.

ఇక్కడ పేరు చాలామందిని తికమక పెడుతుంది. థైరాయిడ్ మృదులాస్థి వేరు, థైరాయిడ్ గ్రంథి వేరు. గ్రీకులో డాలును సూచించే మాట నుంచి రెండింటికీ ఒకే పేరు వచ్చింది, అంతే. గొంతు ముడి పట్టుకుని "నాకు థైరాయిడ్ పెరిగింది" అనుకునేవాళ్లు తక్కువేం కాదు. గ్రంథి ఉండేది ఇంకా కింద.

థైరాయిడ్ మృదులాస్థి కింది అంచు దాటగానే వేలి కొస పట్టేంత చిన్న పల్లం, ఎత్తు సుమారు ఒక సెంటీమీటరు. దాని కింద గట్టిగా గుండ్రంగా క్రికాయిడ్. ఆ పల్లంలో ఉన్న పొర క్రికోథైరాయిడ్ పొర. పైన దారి పూర్తిగా మూసుకుపోయి, ఇంకే విధంగానూ గాలి అందనప్పుడు వైద్యులు కోసి గొట్టం పెట్టేది ఇక్కడే. చర్మానికీ గాలిదారికీ మధ్య అడ్డు అతి తక్కువగా ఉండే చోటు కావడమే అందుకు కారణం. ఇదేనా అన్న అనుమానం వస్తే పల్లంలో వేలు ఆనించి ముందు తగ్గు స్వరంలో, తర్వాత వీలైనంత హెచ్చు స్వరంలో కూనిరాగం తీయండి. హెచ్చు స్వరంలో పల్లం ఇరుకవుతుంది. స్వరతంత్రులను సాగదీయడానికి ఒక చిన్న కండరం ఈ రెండు మృదులాస్థులనూ ముందువైపు దగ్గరికి లాగుతుంది.

ఆడవాళ్ల మెడలో, కండపట్టిన మెడలో ఈ పల్లం తప్పిపోవడం మామూలే. హయాయిడ్ కింద ఉన్న పై ఖాళీని చూసి ఇదే అనుకుంటారు. అలాంటప్పుడు దారి మార్చండి. రొమ్ము ఎముక పైన ఉన్న గుంటలో వేలు పెట్టి నడిమధ్యన పైకి రండి. చిన్న చిన్న మెత్తటి ఉంగరాలు దాటాక మొదట తగిలే పెద్ద గట్టి ఉంగరం క్రికాయిడ్. దాని పై అంచు మీదే మీకు కావలసిన పల్లం.

క్రికాయిడ్ దగ్గర పెన్నుతో ఒక అడ్డగీత గీయండి. మెడలో ఇంతకంటే పనికొచ్చే గీత లేదు. ఇది ఆరో మెడపూస ఎత్తు. స్వరపేటిక ముగిసి వాయునాళం మొదలయ్యేది, గ్రసని (నోటి వెనక గొంతు గొట్టం) ముగిసి అన్నవాహిక మొదలయ్యేది ఈ ఎత్తులోనే. గాలిదారిలో పూర్తి చుట్టు ఉన్న ఉంగరం కూడా క్రికాయిడ్ ఒక్కటే. కింద వాయునాళంలో 16 నుంచి 20 దాకా ఉన్నవన్నీ వెనకవైపు తెరిచి ఉన్న అర్ధచంద్రాలు. వెనకనే ఆనుకుని ఉన్న అన్నవాహికలో ముద్ద దిగేటప్పుడు ఉబ్బడానికి ఆ వెసులుబాటు అవసరం.

చివరగా రొమ్ము గుంటలో వేలు పెట్టి వాయునాళానికి రెండు పక్కలా ఉన్న సందు చూడండి. రెండూ సమానంగా ఉండాలి. నాళం ఒక పక్కకు ఒరిగి ఉంటే లోపల ఏదో నెడుతోంది, లేదా లాగుతోంది. అది డాక్టరు చూడాల్సిన విషయం.

థైరాయిడ్ గ్రంథి

సీతాకోకచిలుకలా రెండు తమ్మెలు, మధ్యలో వంతెన. వంతెన వాయునాళం 2, 3, 4 ఉంగరాల మీద పరుచుకుని ఉంటుంది. తమ్మెలు ఒక్కోటి 4, 5 సెంటీమీటర్ల పొడవు. మొత్తం బరువు పెద్దవాళ్లలో సుమారు 15 నుంచి 25 గ్రాములు. మామూలు గ్రంథి సన్నటివాళ్లలో తప్ప వేలికి అంతగా తెలియదు. తెలియలేదంటే మీరు తప్పు చేశారని కాదు.

ముందు కళ్లతో చూడండి. అద్దం ముందు కూర్చుని, గడ్డం కొద్దిగా పైకెత్తి, ఒక గుక్క నీళ్లు నోట్లో ఉంచుకుని మింగండి. క్రికాయిడ్ గీతకీ రొమ్ము గుంటకీ మధ్య ఏదైనా ఉబ్బు పైకి లేచి దిగుతోందా గమనించండి. ఇప్పుడు వేళ్లతో. కుడి తమ్మె కోసం ఎడమ చేతి వేళ్లతో వాయునాళాన్ని ఎడమ నుంచి కుడికి కొంచెం నెట్టి, కుడి చేతి వేళ్లను నాళానికీ పక్క కండరానికీ మధ్య ఉంచి ఇంకో గుక్క మింగండి. గ్రంథి వేళ్ల కింద నుంచి జారుతూ పైకి పోతుంది. రెండో వైపు చేతులు మార్చి అలాగే చేయండి.

గుటకే ఎందుకు? గ్రంథి క్రికాయిడ్‌కూ వాయునాళానికీ గట్టిగా అతుక్కుని ఉంటుంది కాబట్టి స్వరపేటిక లేస్తే అదీ లేస్తుంది. మెడలో పెరిగే ఇతర గడ్డల్లో చాలావాటికి ఈ కదలిక ఉండదు. నడిమధ్యన ఉన్న గడ్డ నాలుక బయటికి చాపినప్పుడు కూడా పైకి లేస్తే ఆలోచన మారుతుంది. అది సాధారణంగా థైరోగ్లాసల్ తిత్తి. పిండదశలో గ్రంథి నాలుక మొదలు నుంచి కిందికి దిగిన దారిలో మిగిలిపోయిన నీటి సంచి.

గ్రంథి వెనక పప్పుగింజలంత పారాథైరాయిడ్‌లు సాధారణంగా నాలుగుంటాయి. రక్తంలో కాల్షియం వాటి చేతిలో ఉంటుంది. వాయునాళానికీ అన్నవాహికకీ మధ్య గాడిలో స్వరపేటికకు వెళ్లే నరం పాకుతుంది. ఎడమ నరం ఛాతీలోకి దిగి, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని కింద నుంచి చుట్టి తిరిగి పైకి వస్తుంది. అందుకే ఛాతీలోని గడ్డ కూడా గొంతు బొంగురుపోయేలా చేయగలదు. ఇవేవీ వేలికి తెలియవు. థైరాయిడ్ ఆపరేషన్‌లో సర్జన్లు అంత ఆచితూచి చేయడానికి మాత్రం ఇవే కారణం.

పక్కభాగం: కండరం పట్టుకుంటే అన్నీ దొరుకుతాయి

ఎడమ అరచేతిని గడ్డానికి ఎడమ పక్కన పెట్టి, చేతిని నెడుతూ ముఖాన్ని ఎడమకు తిప్పబోండి. కుడి వైపు మెడ మీద ఒక తాడు లేస్తుంది. అవును, కుడి కండరం ముఖాన్ని ఎడమకు తిప్పుతుంది. దీని పేరు స్టెర్నోక్లైడోమాస్టాయిడ్. పొడవాటి పేరు గనక ఎస్‌సీఎం అంటారు. పైకొస చెవి వెనక గట్టి ఎముకకు అతుక్కుంటుంది. కింద రెండు కాళ్లు: ఒకటి రొమ్ము ఎముకకు తాడులా, ఇంకోటి జత్రుకకు, అంటే కాలర్ బోన్‌కు, పట్టీలా. రెండు కాళ్ల మధ్య చిన్న ముక్కోణపు గుంట ఉంటుంది. తల నుంచి రక్తం దింపే లోపలి జుగులర్ సిర దాని అడుగునే ఉంది. ఆసుపత్రిలో మెడ సిరలోకి గొట్టం వేసేటప్పుడు ఈ గుంటను గుర్తుగా వాడుకుంటారు.

ఎస్‌సీఎం మెడ పక్కభాగాన్ని రెండు ముక్కోణాలుగా చీలుస్తుంది. దాని ముందు ముక్కోణంలో రక్తనాళాలు, వెనక ముక్కోణంలో నరాలు అని గుర్తుంచుకుంటే మొదటికి సరిపోతుంది.

ఇప్పుడు నాడి. క్రికాయిడ్ గీత ఎత్తులో, స్వరపేటికకీ ఎస్‌సీఎంకీ మధ్య గాడిలో చూపుడువేలు, మధ్యవేలు పెట్టండి. బొటనవేలు వద్దు, దాని సొంత నాడి మిమ్మల్ని మోసం చేస్తుంది. 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో హెచ్చించండి. విశ్రాంతిలో పెద్దవాళ్లకు 60 నుంచి 100 మధ్య ఉంటుంది. వేళ్లు క్రికాయిడ్ గీతకు పైకి పోనివ్వకపోవడం ముఖ్యం. థైరాయిడ్ మృదులాస్థి పై అంచు ఎత్తులో, నాలుగో మెడపూస దగ్గర, కెరోటిడ్ రెండుగా చీలుతుంది. అక్కడి ఉబ్బెత్తు భాగం గోడలో రక్తపోటును పసిగట్టే నరాల కొసలున్నాయి. బయటి నుంచి నొక్కితే పోటు పెరిగిందని అవి పొరబడతాయి, గుండె వేగం తగ్గుతుంది, కళ్లు బైర్లు కమ్ముతాయి, కొందరు స్పృహ తప్పుతారు. రెండు వైపులా నొక్కితే దానికి తోడు మెదడుకు వెళ్లే రక్తమే తగ్గుతుంది. మొదట్లో చెప్పిన నియమం ఇందుకే.

కెరోటిడ్ ఒంటరిగా ఉండదు. ఒకే తొడుగులో లోపలి పక్కన ధమని, బయటి పక్కన లోపలి జుగులర్ సిర, రెండింటి మధ్య వెనకగా, మెదడు నుంచి గుండెకూ కడుపుకూ దిగే వేగస్ నరం ఉంటాయి.

కంటికి కనిపించే సిర వేరు. నోరు, ముక్కు మూసుకుని మూడు నాలుగు సెకన్లు మెల్లగా ఊదబోండి. దవడ మూల నుంచి ఎస్‌సీఎం మీదుగా ఏటవాలుగా జత్రుక మధ్యకు దిగుతూ నీలి గీత ఉబ్బుతుంది. అది బయటి జుగులర్. పాడేటప్పుడు, అరిచేటప్పుడు ఉబ్బేది ఇదే. ఏ ఒత్తిడీ లేకుండా నిటారుగా కూర్చున్నప్పుడు కూడా ఉబ్బే ఉంటే గుండె పరీక్ష చేయించుకోవాలి.

వెనక ముక్కోణంలో వేలు తేలిగ్గా ఉంచండి. ముక్కుతో గట్టిగా, పొట్టిగా గాలి పీల్చితే లోపల స్కేలీన్ కండరాలు బిగుస్తాయి. ముందు స్కేలీన్‌కూ మధ్య స్కేలీన్‌కూ నడుమ సందులోంచి చేతికి వెళ్లే నరాల గుత్తి, దాంతోపాటు చేతికి రక్తం తీసుకెళ్లే సబ్‌క్లేవియన్ ధమని పోతాయి. వేలు పెట్టగానే చేతిలోకి జివ్వుమంటే నరం మీద పడ్డట్టే, వెంటనే తీసేయండి. ఇదే ముక్కోణంలో భుజం ఎత్తే ట్రపీజియస్‌కు వెళ్లే నరం చర్మం కింద పైపైనే పోతుంది. ఇక్కడ చిన్న గడ్డ తీసేటప్పుడు ఆ నరం తెగితే భుజం వాలిపోతుంది.

బిళ్లలు, బిళ్లలనుకునేవి

శోషరస గ్రంథులను, అంటే జబ్బు చేసినప్పుడు బిళ్లల్లా వాచేవాటిని, వెతకడానికి గడ్డం కొద్దిగా దించి, తడిమే వైపుకు తల కాస్త వంచండి. కండరం వదులవుతుంది. వేలి మెత్తలతో చర్మాన్ని కలిపి చిన్న సున్నాలు చుట్టండి. క్రమం తప్పొద్దు: గడ్డం కింద, దవడ కింద, దవడ మూల కింద, ఎస్‌సీఎం వెంబడి కిందికి, వెనక ముక్కోణం, పెడతల కింద, చివరికి జత్రుక పైన. ఒక సెంటీమీటరు లోపు, మెత్తగా, వేలి కింద జారే బిళ్ల సాధారణంగా భయపడాల్సింది కాదు. దవడ మూల కింద ఉన్నది 1.5 సెంటీమీటర్ల దాకా ఉండొచ్చు. గొంతు నొప్పి వచ్చినప్పుడల్లా ముందు వాచేది అదే.

అసలు చిక్కు ఎక్కడంటే, మెడలో బిళ్లలా తగిలే మామూలు భాగాలు బోలెడు. దవడ కింద పెద్ద ఉసిరికాయంత మెత్తగా తగిలేది లాలాజల గ్రంథి, రెండు వైపులా ఉంటుంది. చెవి వెనక ఎముక కొసకు కింద, కాస్త ముందుకు, గట్టిగా రాయిలా, నొక్కితే నొప్పిగా ఉండేది మొదటి మెడపూస రెక్క. హయాయిడ్ కొమ్ము కొస కూడా గడ్డలా తగులుతుంది, గుటక వేస్తే లేస్తుంది. నాడిలా కొట్టుకునే ఉబ్బు కెరోటిడ్ చీలిక కావచ్చు, దాన్ని నలపొద్దు. అనుమానం వస్తే అదే చోటు రెండో వైపు తడిమి చూడండి. రెండు వైపులా ఒకేలా ఉంటే చాలాసార్లు అది శరీర నిర్మాణమే.

రెండు మూడు వారాలు దాటినా తగ్గనిది, పెరుగుతున్నది, గట్టిగా కదలకుండా అతుక్కున్నది, నొప్పి లేకపోయినా సరే, డాక్టరుకు చూపించాలి. జత్రుక పైన తగిలే బిళ్లకు పరిమాణంతో పనిలేదు, చిన్నదైనా చూపించాల్సిందే. ముఖ్యంగా ఎడమ వైపు. పొట్ట నుంచి వచ్చే శోషరసమంతా ఎడమ మెడ మొదట్లోనే సిరలో కలుస్తుంది గనక కడుపులోని క్యాన్సరు మొదట ఇక్కడ బయటపడవచ్చు. రోజూ పదిసార్లు తడిమి చూసుకోవడం మాత్రం మానేయండి. నలిపితే వాస్తుంది, వాస్తే భయం, భయంతో మళ్లీ నలుపుడు.

వెనకభాగం: పూసలు లెక్కపెట్టడం

పెడతల మీద నడిమధ్యన ఎముక బుడిపె తగులుతుంది. అక్కడి నుంచి కిందికి జారితే మెత్తటి గుంట. మొదటి పూస అట్లాస్ ఆ గుంట లోపలే ఉంది, కానీ దానికి వెనక ముల్లు, అంటే వెనక్కి పొడుచుకొచ్చే కొస, లేదు గనక తగలదు. గుంట దాటాక మొదట తగిలే ఎముక రెండో పూస ముల్లు. చాలామంది దీన్నే మొదటి పూసగా లెక్కపెట్టి కింద అంతా ఒకటి తప్పుతారు. 3, 4, 5 పూసల ముళ్లు పొట్టివి, మెడ వంపు వల్ల లోపలికి ఉంటాయి, స్పష్టంగా దొరకవు.

అందుకే కింది నుంచి లెక్కపెట్టడం నయం. తల ముందుకు వంచితే మెడ అడుగున పొడుచుకొచ్చేది మామూలుగా ఏడో పూస. కొందరిలో ఛాతీ మొదటి పూస ఇంకా ఎత్తుగా ఉంటుంది కాబట్టి సరిచూసుకోవాలి. అనుమానమున్న ముల్లు మీద ఒక వేలు, దాని పై ముల్లు మీద ఇంకో వేలు పెట్టి, తలను మెల్లగా వెనక్కి వాల్చండి. ఆరో పూస వేలి కింద నుంచి ముందుకు జారి మాయమవుతుంది, ఏడోది నిలబడుతుంది.

ఇప్పుడు కళ్లు మూసుకుని, రెండు బొటనవేళ్లు పెడతల ఎముక అంచు కింద, నడిమధ్యకు ఇరుపక్కలా ఆనించి, తల కదపకుండా కంటి పాపలను కుడికీ ఎడమకీ తిప్పండి. వేళ్ల కింద సన్నగా కదలిక తెలుస్తుంది. చూపు ఎటు పోతే తలను అటు సర్దే చిన్న కండరాలవి. గంటల తరబడి తెర చూసినప్పుడు పెడతల బరువెక్కడంలో వీటి పాలు చాలా ఉంటుంది.

తల ఒక్కో వైపు సుమారు 80 డిగ్రీలు తిరుగుతుంది. అందులో సగం దాకా మొదటి, రెండో పూసల మధ్యే జరుగుతుంది. గడ్డం రొమ్ముకు ఆనించి అలాగే తల తిప్పితే కింది పూసలు దాదాపు లాక్ అయిపోతాయి, మిగిలే 40, 45 డిగ్రీలు ఆ పై కీలువే. నిటారుగా తిప్పినప్పుడు పట్టేసి, ఇలా వంచి తిప్పినప్పుడు మామూలుగా ఉంటే చిక్కు కింది పూసల్లో వెతకాలి.

పూసలు 7 అయినా మెడ నరాల జతలు 8. మొదటి ఏడూ తమ అంకె పూస పైనుంచి బయటికొస్తాయి, ఎనిమిదోది ఏడో పూస కింద నుంచి. కాబట్టి 5, 6 పూసల మధ్య డిస్క్ (పూసల నడుమ ఉండే మెత్త) జారితే ఆరో నరం నలుగుతుంది, తిమ్మిరి బొటనవేలు వైపు పోతుంది. 6, 7 మధ్య జారితే ఏడో నరం, మధ్యవేలు. ఏడో పూస కింద అయితే ఎనిమిదో నరం, చిటికెన వేలు. పుర్రెకూ మొదటి పూసకూ మధ్య, మొదటి రెండు పూసల మధ్య డిస్కే ఉండదు, కాబట్టి అక్కడ డిస్క్ జారడమన్న మాటే లేదు.

ఇదంతా ఇంకొకరి మెడ మీద చేసేటప్పుడు వెనక నిలబడి, ఏం చేయబోతున్నారో ముందే చెప్పి, వాళ్ల చేతిలో నీళ్ల గ్లాసు పెట్టండి. క్రికాయిడ్‌తో మొదలుపెట్టి, గుర్తు పెట్టి, అక్కడి నుంచి మిగతావి వెతకండి. పసిపిల్లల మెడ మీద ఈ లెక్కలు పనిచేయవు. వాళ్ల స్వరపేటిక పెద్దవాళ్ల కంటే పైన ఉంటుంది, మృదులాస్థులు మెత్తగా ఉండి తేలిగ్గా నొక్కుకుపోతాయి. వాళ్లను వదిలేయండి.